ప్లీడరు గారికి మిగిలిన మాట

మా ఆయన పని ఫోటోలకు ఫ్రేములు కట్టడం. వీధిలో పేరు మాత్రం ప్లీడరు గారు. నల్లకోటు వేసుకున్న పాపాన పోలేదు, కోర్టు గడప తొక్కింది లేదు, అయినా ఆ పేరు ఊరికే రాలేదు లెండి. గాజు పలకలు దింపడానికి వచ్చిన బండివాడితో వాదన, కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడితో వాదన, ఎవరూ దొరక్కపోతే వాన ఇప్పుడే ఎందుకు పడాలని నాతో వాదన. చీటికీ మాటికీ ఒంటికాలి మీద లేచేవారు. ఆయన నిద్రపోతేనే మా ఇంట్లో గోడగడియారం చప్పుడు వినిపించేది.

నేను ఇన్నేళ్ళూ ఒక్క మాటతో నెట్టుకొచ్చాను. "పోనీలెండి." బండివాడు పలక అంచు విరగ్గొట్టాడా, పోనీలెండి. ఎదురింటివాళ్ళు మన గుమ్మానికి అడ్డంగా స్కూటరు పెట్టారా, పోనీలెండి. ఆ మాట వింటే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. "పోనీలే పోనీలే అనుకునే ఈ లోకం ఇలా తగలడింది" అనేవారు. అలాగని నేనేదో వెన్నముద్దనని అనుకోకండి. పైకి పోనీలెండి, లోపల పళ్ళు నూరుకోవడం. ఇద్దరం గొంతులు చించుకుంటే ఇల్లు ఏమైపోతుందని ఊరుకున్నదాన్ని, అంతే.

మాకు పిల్లలు లేరు. ముందుగది షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆ లోటంతా ఆయన మాటలే పూడ్చేశాయో ఏమో, ఇల్లు బోసిగా ఉందని నాకెప్పుడూ అనిపించలేదు.

ఒకరోజు పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను. ముందుగదిలో ఆయన గాజు కోస్తున్నారు. కట్టరు గాజు మీద నడిచేటప్పుడు కీచుమని ఒక సన్నని చప్పుడు వస్తుంది. ఆ గీత ఈ చివర మొదలుపెడితే ఆ చివర దాకా ఆగకుండా లాగాలి, మధ్యలో ఆపితే పలక దండగ. ఆ చప్పుడు సగంలో ఆగిపోయింది. ఎన్నడూ ఆగనిది ఆగేసరికి చేతిలో గరిటె వదిలేసి పరిగెత్తాను. మనిషి బల్ల మీదికి ఒరిగిపోయి ఉన్నారు. నోరు ఒక పక్కకు లాగేసింది.

పక్షవాతం అన్నారు ఆస్పత్రిలో. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. కాలు మాత్రం కొంత దయ తలచి తిరిగొచ్చింది. చేతికర్ర పట్టుకుని గదిలోంచి గదిలోకి నడుస్తారు. చెయ్యి అలా వేలాడుతూనే ఉంది.

ఇక మాట సంగతి. ఆస్పత్రిలోనే ఒకనాడు మంచం పక్కన నిలబడి గ్లాసుతో నీళ్ళు పట్టబోయాను. గ్లాసు జారి దుప్పటంతా తడిసిపోయింది. "అయ్యో, చూడండి నా పని!" అని నన్ను నేనే తిట్టుకుంటుంటే ఆయన పెదవులు కూడదీసుకుని, అచ్చు గుద్దినట్టు, "పోనీలే" అన్నారు.

నేను బావురుమన్నాను. మాట వచ్చేసిందని సంతోషం. నర్సును పిలిచాను, పక్కమంచం వాళ్ళను పిలిచాను. సాయంత్రానికి గానీ అర్థం కాలేదు, వచ్చింది ఆ ఒక్క మాటేనని. నీళ్ళు కావాలన్నా పోనీలే. దోమ కుట్టినా పోనీలే. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగినా పోనీలే. జన్మలో ఒక్కసారైనా అనని మాట! ఆయన మాటలన్నీ ఎక్కడికి పోయాయో గానీ, నా మాట ఒక్కటి ఆయన నోట్లో మిగిలింది.

ఇంటికొచ్చాక మాటలు నేర్పే టీచరమ్మ వచ్చి పోతుండేది. చిన్నపిల్ల, ఓపికగలది. బొమ్మలు చూపించి ఇదేంటి అదేంటి అని అడిగేది. కుర్చీ బొమ్మ చూపిస్తే పోనీలే, ఏనుగు బొమ్మ చూపిస్తే పోనీలే.

"ఆయనకి లోపలంతా తెలుస్తూనే ఉంటుందమ్మా" అంది నాతో. "చెప్పాలనుకునేది వేరు, బయటికొచ్చేది వేరు. కొందరికి అలా ఒక్క మాట అతుక్కుపోతుంది. మీరు తొందరపడి ఆయన బదులు చెప్పేయకండి. కాసేపు ఆగండి. ఒక్కోసారి పాటలోనో కోపంలోనో ఇంకో మాట తన్నుకొస్తుంది. తిట్లయితే తొందరగా వస్తాయి కూడాను."

"తిట్లకేం తల్లీ, మా ఇంట్లో కొదవ లేదు" అన్నాను.

ఆ రోజే కావాలనే కూరలో ఉప్పు దట్టించాను. మునుపైతే ఆ కూర గిన్నెతో సహా వీధిలో ఉండేది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మొహం ముడుచుకుపోయింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తిట్టండి, మీకు పుణ్యముంటుంది, తిట్టండి అని మనసులోనే మొక్కుకున్నాను. ఆయన నా వంక చూసి "పోనీలే" అన్నారు. ఆ ఉప్పు కషాయం మళ్ళీ నేనే తినాల్సి వచ్చింది.

షాపు నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. చెక్క మూలలు అతికించడం, అట్ట బిగించడం, చిన్న మేకులు కొట్టడం నాకు వచ్చు. గాజు మాత్రం కోసినవి తెప్పించేదాన్ని. ఒకరోజు బండివాడు అంచు చెక్కేసిన పలక దింపి జారుకోబోయాడు.

"ఏమయ్యా, ఆడమనిషి ఉంది కదా అని పనికిరాని సరుకు అంటగడతావా? ముందు వెనక్కి తీసుకెళ్ళు!" అని వీధి దద్దరిల్లేలా అరిచాను.

వెనక కుర్చీలోంచి "పోనీలే" అని వినిపించింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళూ ఆయనకు ఎందుకు మండేదో ఆ క్షణంలో తెలిసొచ్చింది.

ఇది ఇలా ఉండగా వీధిలో ఇంకో విడ్డూరం మొదలైంది. పక్క షాపు టైలరమ్మ ఫ్రేము కట్టడానికిచ్చిన తన ఫోటో తీసుకెళ్ళడానికి వచ్చి, స్టూలు లాక్కుని ఆయనకెదురుగా కూలబడింది. కొడుకు చెప్పాపెట్టకుండా పెళ్ళి చేసుకున్నాడట, ఫోను చేస్తే ఎత్తడట. చెప్పిందే చెప్పి ముక్కు చీదింది. ఆయన ఆవిడనే చూస్తూ, పెదవులు కదిలించి కదిలించి, ఎంతో నెమ్మదిగా "పోనీలే" అన్నారు. ఆవిడ ఒక్కసారిగా ఏడుపు ఆపేసింది.

"ఎంత మాటన్నారు ప్లీడరు గారూ! నేనే పట్టుకుని వేలాడుతున్నా. పోనీలే. వాడు సుఖంగా ఉంటే చాలదా?" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రానికి వీధంతా పాకింది. ప్లీడరు గారు మారిపోయారట, పెద్ద జబ్బు చేశాక మనిషికి జ్ఞానం వచ్చిందట. ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు. ఆఖరికి రిటైరైన హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. అంత పెద్దాయన్ని పట్టుకుని మా ఆయన, అండీ గిండీ ఏమీ లేకుండా "పోనీలే" అనేసరికి నేను సిగ్గుతో చచ్చిపోయాను. హెడ్మాస్టరు గారు మాత్రం మురిసిపోయారు.

"నన్ను అలా చనువుగా అనేవాళ్ళే లేరమ్మా ఇప్పుడు. ఆ చనువులోనే ఉంది జ్ఞానమంతా" అన్నారు.

జ్ఞానమా, నా మొహమా! టైలరమ్మ ఆ రోజు స్టూలు తెచ్చి సరిగ్గా ఆయన చేతికర్ర మీద వేసుకు కూర్చుంది. కర్ర విరిగిపోతుందమ్మా, లేవమ్మా అని ఆయన ఏడుపు. అది ఎవరికి చెప్పను? అయినా ఆవిడ ఇల్లు నిజంగానే కుదుటపడింది. కొడుకుని తనే వెళ్ళి చూసి వచ్చింది. కర్ర సంగతి చెప్పి ఆ కాస్త మనశ్శాంతి ఎందుకు చెడగొట్టాలని నోరు మూసుకున్నాను.

పొద్దున్నే స్టవ్వు ముందు నిలబడి దేవుడితో మాట్లాడడం నాకు అలవాటు. మంచిగా కాదు, నిలదీసి అడగడమే. ఆయన మాటలు ఆయనకిచ్చెయ్యి స్వామీ. అన్నీ వద్దు, సగమివ్వు. అవీ నీకు భారమైతే తిట్లొక్కటీ ఇవ్వు, వాటితోనే సర్దుకుంటాం. రోజూ అదే బేరం. రోజూ అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒకరోజు పాలు పొంగకుండా చూస్తూ నిలబడ్డప్పుడు తట్టింది. దేవుడి దగ్గర కూడా ఒక్కటే మాట మిగిలిందేమో. ఎవరు ఏమడిగినా ఆ ఒక్క మౌనమే ఇస్తాడు. ఎవరికి కావలసింది వాళ్ళు అందులో వినేసుకుని కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోతున్నాం. పాపం ఆ దేవుడు అసలేం చెప్పాలని తంటాలు పడుతున్నాడో. మనమే ఆయన కర్ర మీద స్టూలు వేసుకు కూర్చున్నామో ఏమో. అలా అనుకుంటే నవ్వొచ్చింది, కాస్త కోపం తగ్గింది. బేరం మాత్రం మానలేదు.

ఇప్పుడు మా మరిది సంగతి చెప్పాలి.

మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. ఇంట్లో అందరికీ చిన్నోడే. పని నేర్పింది అన్నే. చిన్నోడిది మంచి చెయ్యి, కానీ స్కేలు పెట్టకుండా కంటితో చూసి కోసేసే దురలవాటు. "కొలవరా వెధవా!" అన్న కేక రోజుకు ఎన్నిసార్లు వినేదాన్నో. ఆ కేక వేసిన నోటితోనే, పక్కన తమ్ముడు లేకపోతే అన్నం తినేవారు కాదు. అది వాళ్ళ వరస.

మా అత్తగారు పోయాక ఆవిడది ఒకే ఒక ఫోటో మిగిలింది. కుర్చీలో ఆవిడ, ఒళ్ళో చిన్నోడు, పక్కన నిలబడ్డ మా ఆయన. మా ఆయన అవతలి భుజం మీద ఆవిడ చెయ్యి. అన్నయ్య చూసి ఆశ్చర్యపోవాలని చిన్నోడు చెప్పకుండా దాన్ని ఫ్రేము కట్టబోయాడు. షాపులో నగిషీ చెక్కిన ఫ్రేము ఒకటి సిద్ధంగా ఉంది. ఫోటో దానికన్నా కాస్త పెద్దది. మా షాపులో మొదటి నియమమే బొమ్మకు తగ్గ ఫ్రేము కట్టాలని. ఫ్రేము కోసం బొమ్మ కొయ్యకూడదు. వీడు ఆ ఫ్రేము అందానికి ఆశపడ్డాడు. ఫోటోకు ఒక పక్క తడి మరక ఉంది, అక్కడ ఉన్నది ఉత్త కర్టెనే. ఆ అంచు తీసేస్తే సరిపోతుందనుకున్నాడు. బోర్లా పెట్టి వెనక గీత గీసి కోశాడు. బోర్లా పెడితే కుడి ఎడమవుతుందని ఈ పనిలో మొదటిరోజే నేర్పుతారు. వీడు కొలవలేదు, తిప్పి చూడలేదు. తెగింది మరక పక్క కాదు, రెండో పక్క. రెండు వేళ్ళ వెడల్పు ముక్క. అందులో మా ఆయన సగం భుజం, దాని మీద వాళ్ళమ్మ చెయ్యి.

ఆ ముక్కను మిగతా చెత్తతో కలిపి ఊడ్చి చెత్తబండికెత్తేశాడు. మేం చూసేసరికి బండి వెళ్ళిపోయింది. పైగా "అమ్మ మొహం ఉందిగా అన్నయ్యా" అన్నాడు భయంతో. అక్కడే దెబ్బతింది వ్యవహారం. తప్పయిందని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేదో. అన్నిటికీ అరిచే మనిషి దానికి అరవలేదు. ఫోటో తమ్ముడి చేతిలో పెట్టి "నువ్వే ఉంచుకో" అన్నారు. ఆ తర్వాత మాట లేదు. తిట్టు కూడా లేదు. చిన్నోడు వీధి చివర సొంత షాపు పెట్టుకున్నాడు. ఏళ్ళకు ఏళ్ళు ఎదురుపడితే అవతలి పక్కకు దాటిపోయేవాళ్ళు ఇద్దరూ. ఆస్పత్రికి వచ్చినప్పుడు కూడా వరండాలో నిలబడి ఏడ్చాడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

అలాంటివాడు ఒక మధ్యాహ్నం షాపు గుమ్మంలో నిలబడ్డాడు. టైలరమ్మ కథ వాడి చెవిన కూడా పడిందన్నమాట. తలలో సగం తెల్లబడింది. నేను అడ్డు చెప్పలేదు. లోపలికి వచ్చి అన్న కుర్చీ ముందు నేల మీద కూర్చుని, వేలాడుతున్న ఆ కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అన్నయ్యా, అమ్మ చెయ్యి కోసేశాను. కుడి ఎడమైంది. కొలవలేదు. ఆ రోజే ఒప్పుకోవాల్సింది, నోరు పెగల్లేదు. నన్ను క్షమించు అన్నయ్యా."

ఆయన మొహం జేవురించింది. మెడ నరాలు ఉబ్బాయి. ఎడమ చెయ్యి పైకి లేచింది. ఏదో పెద్దది లోపలినుంచి పైకి వస్తోందని నాకు తెలుస్తోంది.

"పో... పోనీలే" అన్నారు.

చిన్నోడు భోరుమన్నాడు. "అన్నావా అన్నయ్యా! అనేశావా!" అని ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చి, లేచి, నాకో దండం పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. మా ఆయన ఎడమచేతి రెండు వేళ్ళూ కలిపి, కుర్చీ చేతి మీద అడ్డంగా పెట్టి చూపిస్తున్నారు. వాడు గుమ్మం దాటగానే ఆ చేత్తో కుర్చీని బాదడం మొదలుపెట్టారు. "పోనీలే! పోనీలే! పోనీలే!" ఒకదాన్ని మించి ఒకటి అరుపు. కళ్ళలో నీళ్ళు.

ఆయన అన్నది వాడు విన్నది కాదు. అది మాత్రం నాకు ఖాయంగా తెలిసింది.

ఆ రోజు నుంచి మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నారు. రెండు ముద్దలు తినిపిస్తే అదే గొప్ప. టీచరమ్మ వస్తే కళ్ళు మూసుకునేవారు. ఆ అమ్మాయి నన్ను బయటికి పిలిచి, "ఆయన చెప్పాలనుకోవడమే మానేస్తే మనం చెయ్యగలిగింది ఏమీ ఉండదమ్మా" అంది. ఒక్క మాట మిగిలినా ఆ మనిషి లోపల ఉన్నారు, తలుపు తడుతున్నారు అన్న ధైర్యం నాది. ఇప్పుడు ఆ తట్టడం కూడా ఆగిపోతే?

పక్కన కూర్చుని అడిగేదాన్ని. "రెండు వేళ్ళేంటండీ? రెండు బిస్కట్లా? రెండు దిండ్లా?" గోడనే చూసేవారు. "మీరిద్దరన్నదమ్ములూ కలిసి ఉండాలనా?" కళ్ళు గట్టిగా మూసుకునేవారు, నా తెలివికి సిగ్గుపడుతున్నట్టు.

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. చిన్నోడి షాపుకు వెళ్ళాను. ఈల వేసుకుంటూ మేకులు కొడుతున్నాడు. నన్ను చూసి "రా వదినా, కూర్చో. ఎన్నేళ్ళకి కంటినిండా నిద్రపడుతోందో!" అన్నాడు. ఆ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. టైలరమ్మ విషయంలో మూసుకున్నట్టే నోరు మూసుకోవచ్చు. కానీ ఇక్కడ విరుగుతున్నది చేతికర్ర కాదు, మా ఆయన.

"చిన్నోడా, మీ అన్నయ్యకి వచ్చేది ఆ మాటొక్కటే. టీ కావాలన్నా అదే, కాలు తిమ్మిరెక్కినా అదే. నువ్వు అడిగినదానికి జవాబు అది కాదు. నువ్వెళ్ళాక ఎంత గోల చేశారో తెలుసా? అప్పట్నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నారు."

వాడు సుత్తి కింద పెట్టాడు. "అంటే క్షమించలేదా?"

"ఏమో. నాకూ తెలీదు."

"ఎందుకు చెప్పావు వదినా? ఆ ఒక్క మాట పట్టుకునే తేలుతున్నాను. అదీ లాక్కున్నావా?"

"లాక్కోక? ఆయన అననిదాన్ని నువ్వు జేబులో వేసుకుని ఈలలు వేసుకుంటున్నావు, అక్కడ ఆయన అనాల్సింది గొంతులో అడ్డంపడి నలిగిపోతున్నారు! నీకు నిద్ర కావాలా, అన్నయ్య కావాలా?" అని అరిచేశాను. నా గొంతు అచ్చం మా ఆయన గొంతులా ఉంది.

ఏం చెయ్యాలో తోచక నేను గోడ వైపు తిరిగాను. అక్కడ ఉంది ఆ ఫోటో, నగిషీ ఫ్రేములో. ఇన్నేళ్ళ తర్వాత అదే చూడడం. మా అత్తగారి కుడిచెయ్యి పక్కకు సాగి, మణికట్టు దగ్గర చెక్కను తాకి ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళాను. ఎందుకో నా రెండు వేళ్ళూ ఆ అంచు పక్కన పెట్టాను. పెట్టి, అలాగే నిలబడిపోయాను.

"చిన్నోడా, ఆ తెగిన ముక్క ఎంత వెడల్పు ఉండేది?"

వాడు చూశాడు. నా వేళ్ళను చూశాడు. వాడి మొహంలో రంగు మారిపోయింది. ఫోటో నేనే దింపాను.

మేం ఫోటో తెచ్చి మంచం పక్కన పట్టుకుని పిలిస్తే ఆయన ఇటు తిరిగారు. ఫోటో కంటపడగానే చేతికర్ర కోసం తడుముకున్నారు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ముందుగదిలోకి తెచ్చి పని బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. చిన్నోడు ఫ్రేము వెనక మేకులు పీకి ఫోటో బయటికి తీశాడు. ఆయన ఎడమచేతి రెండు వేళ్ళూ తెచ్చి, తెగిన అంచు పక్కన బల్ల మీద పెట్టారు.

"ఆ ముక్క పోయింది అన్నయ్యా. ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు చిన్నోడు.

ఆయన కాదన్నట్టు తల ఊపారు. బల్ల చివరున్న తెల్ల అట్ట వైపు చెయ్యి చాచారు. నేను అందించబోయి, టీచరమ్మ మాట గుర్తొచ్చి ఆగాను. ఆయనే ఒంటిచేత్తో దాన్ని లాక్కుని, ఫోటో కిందికి తోశారు. తెగిన పక్క రెండు వేళ్ళ మేర తెల్లగా బయటికి కనిపించేలా జరిపారు. తర్వాత మళ్ళీ వేళ్ళు ఆ తెలుపు మీద పెట్టి మా ఇద్దరి వంకా చూశారు.

అప్పుడు అర్థమైంది. పోయిన ముక్క తెచ్చిమ్మని కాదు ఆయన అడిగేది. అది పోయిందని ఆయనకు మాకన్నా ముందే తెలుసు. దాని చోటు దానికి వదలమంటున్నారు. ఫోటో మొదట ఎంత ఉండేదో అంతకీ ఫ్రేము కట్టమంటున్నారు. నేనేం చేస్తున్నాను ఇన్నాళ్ళూ? ఉప్పు కూరలతో, దేవుడితో బేరాలతో, ఈ మనిషిని పాత ప్లీడరు ఫ్రేములోకి కుక్కాలని చూస్తున్నాను. ఆ బల్ల పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాను.

చిన్నోడికి కూడా కళ్ళు కనపడ్డంలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూ బ్లేడు తీసి, అట్ట మీద ఒకసారి కన్నుతో చూసి, కొయ్యడానికి ఆనించాడు. స్కేలు బల్ల మీద అలాగే పడి ఉంది.

ఆయన ఎడమ చెయ్యి లేచింది. మొహం జేవురించింది, నరాలు ఉబ్బాయి. నాకు మళ్ళీ ఆ మాటే వస్తుందనిపించింది.

"కొ... కొల..."

చిన్నోడు బ్లేడు ఎత్తాడు.

"కొలవరా వెధవా!"

ముందుగది అదిరిపోయింది. పక్క షాపులో టైలరమ్మ మిషను టక్కున ఆగింది. చిన్నోడు బ్లేడు పడేసి, అంత పెద్ద మనిషీ అన్న ఒళ్ళో తల పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చాడు. "కొలుస్తాను అన్నయ్యా, కొలుస్తాను. ఇంకోసారి తిట్టు. ఒక్కసారి తిట్టు." ఆయన ఎడమచెయ్యి వాడి తెల్లజుట్టు మీదికి వచ్చి ఆగింది. ఇన్నేళ్ళుగా ఆయన దాచిపెట్టుకున్న మన్నింపు ఆ తిట్టులోనే ఉందని చిన్నోడికీ తెలిసింది, నాకూ తెలిసింది.

"పోనీలే" అన్నారు ఆయన, వాడి తల నిమురుతూ. ఈసారి దాని అర్థం ఎవరూ అడగలేదు.

ఆ ఫోటో ఇప్పుడు మా షాపు గోడ మీదే ఉంది, సాదా చెక్క ఫ్రేములో, ఒక పక్క రెండు వేళ్ళ తెల్లటి ఖాళీతో. వచ్చినవాళ్ళు అక్కడేదో అతకడం మరిచిపోయారంటారు. "మరిచిపోలేదండీ, అక్కడ మా అత్తగారి చెయ్యి ఉంది" అంటాను.

ఆ కేక మళ్ళీ రాలేదు. టీచరమ్మ రావచ్చంటుంది, రాకపోవచ్చనీ అంటుంది. దేవుడితో బేరం మానేశాను. పొద్దున్నే పాలు పెట్టి, నువ్వు చెప్పేది ఏదో నిదానంగా చెప్పు స్వామీ, నేనిక్కడే ఉంటాను అంటున్నాను. మా ఆయనతోనూ అదే అంటున్నాను. ఆయన పోనీలేల్లో ఏది నీళ్ళు, ఏది కర్ర, ఏది "నువ్వు నోరు ముయ్యవే" అన్నది ఇప్పుడు నాకు చాలావరకు తెలుసు.

చిన్నోడు రోజూ పొద్దున్నే తన షాపు తెరవకముందే ఇక్కడికి వస్తాడు. మాకొచ్చిన గాజు పనంతా వాడే చేసిపెడుతున్నాడు. పని మొదలుపెట్టేముందు అన్న కళ్ళ ముందే స్కేలును దూరంగా నెట్టి, అట్టను కన్నుతో చూసి, బ్లేడు ఆనిస్తాడు. దొంగవెధవ, కావాలనే. ఆయన మొహం ఎర్రబడుతుంది, పెదవులు కూడదీసుకుంటారు. నేను చేతిలో సుత్తి అలాగే పట్టుకుని ఆగిపోతాను. పక్కన టైలరమ్మ కూడా మిషను ఆపుతుంది. ఒక్క తిట్టు కోసం అందరం చెవులు రిక్కించుకుని నిలబడతాం.